చిన్న యాట్‌కు గాలి పడవ: కొనే ముందు బియ్యం బస్తా ఎత్తి చూడండి

టెండరు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది రోడ్డు కాంట్రాక్టు. సముద్రం మీద తిరిగేవాళ్లకు మాత్రం టెండరంటే పెద్ద పడవను వెన్నంటి ఉండే చిన్న పడవ. పెద్దది ఒడ్డు దాకా రాలేదు, లోతు చాలదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడుతుంది. మనుషుల్ని, మంచినీళ్ల క్యాన్లను, కూరగాయల సంచుల్ని దానికీ ఒడ్డుకూ మధ్య చేరవేసేది టెండరు. దానికే డింగీ అని మరో పేరు. ఆ మాట ఇంగ్లిషువాళ్లది కాదు. హిందీ, బెంగాలీల నుంచి పట్టుకెళ్లారు. హుస్సేన్ సాగర్‌లో పోటీలకు దింపే తెరచాప పడవల్నీ డింగీలే అంటారు గానీ వాటి జాతి వేరు. నేను చెప్పబోయేది గాలి కొట్టి వాడుకుని, గాలి తీసి చుట్టి దాచుకునే రబ్బరు డింగీల గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వీధుల్లో తిరిగిన సహాయక బోట్లకు ఇవి చిన్న చెల్లెళ్లు.

ఇంగ్లండు దక్షిణ తీరంలో, ప్రధాన భూభాగానికీ వైట్ దీవికీ మధ్య ఉన్న సోలెంట్ జలసంధిలో 26 అడుగుల పాత యాట్లు (లోపల పడుకునే చోటున్న తెరచాప పడవలు) కోకొల్లలు. వెస్టర్లీ సెంటార్ అనే ఒక్క రకమే 1969 నుంచి 1980 వరకు రెండు వేలకు పైగా తయారైంది. నాకూ ఒక స్నేహితుడికీ ఉమ్మడిగా ఉన్నదీ ఆ కొలతల పడవే. దానికి డింగీ కొనడానికి మేం పడవకన్నా ఎక్కువ రోజులు ఆలోచించాం. తప్పు డింగీ ఒకటి కొని, అమ్మేశాక గానీ విషయం బోధపడలేదు.

ఎవరిని అడిగినా చర్చ ఒకే చోట మొదలవుతుంది: గుడ్డ పీవీసీ ప్లాస్టిక్‌దా, హైపలాన్ రబ్బరుదా? ఇంజిను ఎన్ని హార్స్‌పవర్లు? నా లెక్కలో ఇవి ఆఖరి ప్రశ్నలు. మొదటి ప్రశ్న వేరు. దీన్ని ఎక్కడ పెడతారు? ఎవరు ఎత్తుతారు?

26 అడుగుల పడవలో వెనక కూర్చునే చోట, బల్ల కింద ఒక పెద్ద అర ఉంటుంది. అందులో అప్పటికే మోకులు, పడవ పక్కలకు వేలాడదీసే గాలి బుడగలు, బకెట్, రెండో లంగరు, ఎందుకు దాచామో ఎవరికీ గుర్తులేని చెక్కముక్కలు ఉంటాయి. మిగిలిన ఖాళీ ఎంతో టేపు పెట్టి కొలవాలి. ఖాళీకన్నా ముందు ఆ అర మూత ఎంత వెడల్పు తెరుచుకుంటుందో కొలవాలి. లోపల చోటుండి మూతలో పట్టకపోతే ఏం లాభం? 2.3 మీటర్ల డింగీని చుడితే మీటరు పైచిలుకు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న మూట అవుతుంది. కంపెనీవాళ్లు ఇచ్చే సంచి కొలతలు ఫ్యాక్టరీలో చుట్టినప్పటివి. తడిసి, ఇసుక పట్టి, వానలో మీరు చుట్టిన మూట ఆ సంచిలో మళ్లీ దూరదు.

ఇక బరువు. మా ఊళ్లోని ఇండియన్ దుకాణంలో సోనామసూరి బియ్యం 20 కిలోల బస్తాల్లో అమ్ముతారు. చిన్న డింగీలు దాదాపు అక్కడే మొదలవుతాయి. చెక్క పట్టీల అడుగు ఉన్నవి, గాలి అడుగు ఉన్నవి 20 నుంచి 30 కిలోల మధ్య తూగుతాయి. గట్టి అడుగు ఉన్న రిబ్ రకం తేలికపాటి అల్యూమినియంతో చేసినా 35, 40 కిలోలు. ఫైబర్‌గ్లాసుదైతే ఇంకా ఎక్కువ. కొనే ముందు ఒక బియ్యం బస్తా తీసుకుని, మోకాళ్ల కింద ఉన్న అరలోంచి పైకి లాగి, ఊగే డెక్కు మీద మోసుకెళ్లి, తొడల ఎత్తున్న తీగల కంచె మీదుగా నీళ్లవైపు దించినట్టు ఊహించుకోండి. ఒంటరిగా తిరిగేవాళ్లు ఊహతో ఆగకుండా నిజంగానే చేసి చూడాలి. బస్తా తడిసి జారదు, గాలికి ఎగరదు. డింగీ ఆ రెండూ చేస్తుంది. గాలి నింపిన డింగీ గాలివాటున డెక్కు మీద నిలబడితే గాలిపటమే.

ఎత్తడం ఎందుకు, వెనక తాడు కట్టి లాక్కుపోతే సరిపోదా అంటే, ప్రశాంతమైన నదీముఖంలో సరిపోతుంది. బయటికి వెళితే డింగీ యాట్ వేగాన్ని సుమారు అర నాట్ నుంచి ఒక నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) వరకు తినేస్తుంది. గంటకు ఐదు నాటికల్ మైళ్లు పోయే పడవకు అది పెద్ద పన్ను. వెనక నుంచి అలలు వస్తుంటే డింగీ పరుగెత్తుకొచ్చి యాట్‌నే గుద్దుతుంది. గాలి పెరిగితే బోర్లా పడుతుంది. అందుకే లాక్కెళ్లే డింగీకి ఇంజిను తగిలించి ఉంచకూడదు. డెక్కు ముందు భాగంలో బోర్లించి కట్టేయడం ఇంకో పద్ధతి. అప్పుడు కిందికి దిగే ముందరి కిటికీ మూసుకుపోతుంది, లంగరు దగ్గరికి పాకుతూ వెళ్లాలి. చిన్న పడవలో డింగీకి మంచి చోటు లేదు. తక్కువ చెడ్డ చోటు వెతుక్కోవడమే.

చోటు, బరువు తేలితే పొడవు దానంతటదే తేలుతుంది. 26 అడుగుల యాట్‌కు 2 నుంచి 2.5 మీటర్లు. ఇక్కడో మోసం ఉంది. 2.3 మీటర్లన్నది బయటి కొలత. ముందూ పక్కలా గాలి గొట్టాలు ఒక్కొక్కటి 35 సెంటీమీటర్ల పైన లావు తినేస్తాయి. లోపల మిగిలేది ఒకటిన్నర మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు. మన ఇళ్లలో స్నానాల తొట్టె అంత. గొట్టం లావైతే నీళ్లు లోపలికి చిందవు గానీ కాళ్లకు చోటు తగ్గుతుంది. సన్నదైతే చోటు పెరిగి, ఒడ్డు చేరేసరికి ప్యాంటు తడుస్తుంది. డింగీకి కంపెనీవాళ్లు అతికించిన రేకు మీద ‘ముగ్గురు’ అని రాసి ఉంటే అది కదలని నీళ్లలో కదలని ముగ్గురని అర్థం చేసుకోండి. అలలున్న చోట ఇద్దరు, ఒక సంచి. ఇంకో సంగతి. వినోద పడవల మీద ఐరోపా చట్టం వర్తించేది 2.5 మీటర్ల నుంచి 24 మీటర్ల వరకు. అంతకన్నా పొట్టివి దాని పరిధిలోకే రావు. కాబట్టి బుల్లి డింగీ కొనేటప్పుడు అమ్మేవాడి మాట మీద కన్నా అతుకుల మీద ఎక్కువ కన్నేయాలి.

అడుగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. డింగీ స్వభావమంతా అక్కడే ఉంది.

అన్నిటికన్నా చవక పట్టీల అడుగు. గుడ్డ అడుగు మీద అడ్డంగా చెక్క పట్టీలు పరిచి ఉంటాయి. చాపలా చుట్టేయవచ్చు. కానీ నిలబడితే అడుగు కుంగుతుంది, అలకు అనుగుణంగా మెలి తిరుగుతుంది. ప్లైవుడ్ పలకలో, అల్యూమినియం పలకలో పరిచే రకం గట్టిగా ఉంటుంది గానీ వాటిని బిగించడం ఒక శిక్ష. సగం గాలి కొట్టిన పడవలో పలకలను ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టి పైనుంచి నొక్కాలి. వేళ్లు నలుగుతాయి. మేం అమ్మేసింది ఆ రకమే. ఇరుకు డెక్కు మీద దాన్ని బిగించిన ప్రతిసారీ నాకూ మా స్నేహితుడికీ మధ్య మాటలు ఆగిపోయేవి.

మూడోది గాలి అడుగు. పరుపులా కనిపిస్తుంది గానీ పరుపు కాదు. మామూలు సంచిలో గట్టిగా గాలి నింపితే బంతిలా ఉబ్బుతుంది, బల్లలా ఉండదు. అందుకని పైపొర, కిందిపొరల మధ్య వేలాది దారాలు ఒకే పొడవులో కుట్టి ఉంచుతారు. గాలి పొరల్ని విడదీయాలని చూస్తుంది, దారాలు బిగిసి ఆపుతాయి. ఆ పెనుగులాటలోంచి బల్లలాంటి చదును పుడుతుంది. నిలబడి తెడ్డు వేస్తూ పోయే గాలి పలకల్లో వాడేదీ ఇదే. పక్క గొట్టాల్లో ఒత్తిడి 0.2 బార్ చిల్లర అయితే ఈ అడుగులో 0.7, 0.8 బార్ దాకా కొట్టాలి. ఆఖరి ఇరవై సార్లు పంపు నొక్కడం కాలికి వ్యాయామం. దీనికి శత్రువు ఇసుక. అడుగుకూ కింది గుడ్డకూ మధ్య చేరి గరుకు కాగితంలా రుద్దుతుంది. ఏడాదికి ఒకసారైనా అడుగు బయటికి తీసి కడిగి ఆరబెట్టాలి.

నాలుగోది రిబ్. గట్టి అడుగు, చుట్టూ గాలి గొట్టం. 1960లలో వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీలో రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్, ఆయన విద్యార్థులు కలిసి రూపొందించారు. గుడ్డ అడుగు తీరంలోని రాళ్లకు అరిగిపోతుంటే విసిగి ప్లైవుడ్ అడుగు అతికించారు. పేటెంటును నామమాత్రంగా ఒక్క పౌండుకు ప్రభుత్వానికి ఇచ్చేశారు. నీళ్ల మీద దీన్ని మించింది లేదు, తెడ్డు వేసినా నేరుగా పోతుంది. అయితే చుట్టలేం. 40 అడుగుల యాట్ వెనక, ఎత్తడానికి ఇనుప చేతులున్న చోట దాని రాజ్యం. మా పడవకు అది ఏనుగుని పెంచడమే.

ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు చాలావరకు ఆ రాజ్యం నుంచే వస్తాయి. కరీబియన్ దీవుల మధ్య నెలల తరబడి యాట్‌లోనే బతికేవాళ్లకు డింగీ ఇంటి ముందు కారులాంటిది. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు మైళ్లు తిరగాలి. వాళ్లకు రిబ్, 15 హార్స్‌పవర్ ఇంజిను, ఎండను తట్టుకునే గుడ్డ, దొంగలకు భయపడి రాత్రిపూట పైకెత్తి కట్టేసే గొలుసు అవసరం. వారాంతంలో సోలెంట్‌లో లంగరు వేసి మూడు వందల మీటర్ల దూరంలోని ఒడ్డుకు పోయి భోంచేసి వచ్చేవాడికి ఆ సలహా పెళ్లికి పిలిస్తే లారీ వేసుకుని వెళ్లమన్నట్టు ఉంటుంది.

అలాగని ఇంజినే వద్దా? ఆ సంగతి తేల్చేది ఆటుపోట్లు. వైట్ దీవి ఉత్తర తీరంలో న్యూటౌన్ క్రీక్ అనే చక్కటి చోటు ఉంది. పాయలు, బురద, పక్షులు. అక్కడ లంగరు వేసి, పక్క పాయ గుండా షాల్‌ఫ్లీట్ అనే ఊరి రేవుకు వెళతారు. పోటు మీద ఉన్నప్పుడు అది హాయైన ప్రయాణం. పాటులో ఆ పాయ ఎండిపోతుంది. భోజనం దగ్గర ఆలస్యమైతే నీళ్లున్న చోటిదాకా మోకాలి లోతు బురదలో డింగీని ఈడ్చుకుంటూ రావాలి. 20 కిలోలకూ 45 కిలోలకూ తేడా ఆ బురదలో తెలిసినంతగా ఏ దుకాణంలోనూ తెలియదు.

గాలి డింగీలో తెడ్డు వేస్తే గంటకు ఒకటిన్నర, మహా అయితే రెండు నాటికల్ మైళ్లు. పొట్టి తెడ్లు, కాళ్లు ఆనించడానికి గట్టి చోటుండదు, నీళ్లలో దిగని చదును అడుగు, పైన గాలికి తగిలే లావుపాటి గొట్టాలు. కర్నూలు నుంచి వచ్చిన మా బావ ఒకసారి తెడ్డు అందుకుని రెండు గిరకలు కొట్టించి, “బావా, దీనికన్నా తుంగభద్రలో మన పుట్టి నయం కదా!” అన్నాడు. నిజమే. పుట్టి గుండ్రమే గానీ దాన్ని నడిపేవాడికి దాని లెక్క తెలుసు, తలమీద పెట్టుకుని ఇంటికి మోసుకుపోతాడు. మా లెక్క ఇంత: ఎదురు నీటి వేగం రెండు నాట్లు ఉంటే మనం ఎంత తెడ్డు వేసినా ఉన్న చోటే ఉంటాం. అంతకు మించితే సముద్రంలోకి పోతాం. పోటుపాట్లు పెద్దగా లేని మధ్యధరా తీరంలో తెడ్లతో బతికేయవచ్చు. సోలెంట్‌లో తెడ్లు ఉండాలి, వాటిమీదే ఆధారపడకూడదు.

అయితే ఎంత ఇంజిను? రెండు, రెండున్నర హార్స్‌పవర్. అంతకు మించి కొనడం డబ్బు తగలేయడమే అనడానికి భౌతికశాస్త్రం ఉంది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన పొడవును బట్టి ఒక వేగాన్ని మించదు. నీటిలో రెండు మీటర్లు ఆనే డింగీకి అది సుమారు మూడున్నర నాట్లు. చిన్న ఇంజినుతోనే అక్కడికి చేరతాం. ఆ పైన శక్తి పెంచితే ముక్కు పైకి లేస్తుంది, వెనక గుంట పడుతుంది, వేగం పెరగదు. ఆ గుంట దాటి నీటి మీద జారాలంటే గట్టి అడుగు, కింద వెన్ను, ఇద్దరు మనుషులకు ఆరు నుంచి ఎనిమిది హార్స్‌పవర్లు కావాలి. ఆ సైజు ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్లు 25 కిలోల నుంచి 40 కిలోల దాకా ఉంటాయి. ఇంతా చేసి మా వైపు బ్యూలీ నదిలో వేగ పరిమితి ఐదు నాట్లు, చిచెస్టర్ హార్బర్‌లో ఎనిమిది.

రెండున్నర హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ 13 నుంచి 18 కిలోలు తూగుతుంది. 13 కిలోలంటే సూట్‌కేసు కన్నా తక్కువ. కానీ యాట్ వెనక కమ్మీ మీదుగా వంగి, చేతులు చాచి, కింద ఊగుతున్న డింగీలో కూర్చున్న మనిషికి దాన్ని అందించాలి. ఇద్దరి చేతులూ ఒక్క క్షణం దాని మీదే ఉంటాయి, పడవలు రెండూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి. సముద్రం అడుగున చేరిన ఇంజిన్లలో ఎక్కువ భాగం ఆ క్షణంలో జారినవే అయి ఉంటాయని నా నమ్మకం. ఇంజినుకు ముందే తాడు కట్టి, ఆ తాడు కొసను యాట్‌కు కట్టేయండి. తాడు ఖరీదు మూడు పౌండ్లు.

ఎలక్ట్రిక్ మోటార్లకు ఇక్కడే మార్కులు పడతాయి. బ్యాటరీ, మోటారు విడివిడిగా వస్తాయి, రెండు చేతులకు రెండు తేలిక ముక్కలు. ఒక కిలోవాట్ మోటారుకు ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉంటే పూర్తి వేగంతో గంట. నెమ్మదిగా పోతే అదే బ్యాటరీ నాలుగైదు గంటలు వస్తుంది, ఎందుకంటే వేగం కొంచెం తగ్గించినా శక్తి ఖర్చు చాలా తగ్గుతుంది. ధర పెట్రోలు ఇంజినుకన్నా బాగా ఎక్కువ. కానీ పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. డబ్బా కారితే ఆవిరి పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. డీజిలు యాట్‌లో డింగీ కోసమే పెట్రోలు మోయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇప్పుడు గుడ్డ. హైపలాన్ అన్నది డ్యూపాంట్ కంపెనీ పెట్టిన వ్యాపార నామం. ఆ కంపెనీ తయారీ ఎప్పుడో మానేసింది. అదే రసాయన రబ్బరును వేరేవాళ్లు చేస్తున్నారు, పేరు మాత్రం జిరాక్స్‌లా జనం నోట నిలిచింది. హైపలాన్ అతుకులు చేత్తో జిగురు పెట్టి వేస్తారు, అందుకే ఖరీదు. ఎండకు, పెట్రోలు మరకలకు ఓర్చుకుంటుంది. వేల్స్‌లో తయారైన ఏవన్ కంపెనీ పాత డింగీలు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా తిరుగుతూ కనిపిస్తాయి. పీవీసీ ఎండలో పడి ఉంటే అంటుకునే జిడ్డుగా మారుతుంది, తర్వాత పెళుసవుతుంది. ఏడాది పొడవునా నీళ్లలోనే ఉంచేవాళ్లకు హైపలాన్ డబ్బుకు తగ్గ సరుకే. వారాంతానికి వాడి, కడిగి, అరలో దాచేవాళ్లకు పీవీసీ చాలు. ఉష్ణదేశపు ఎండ ఇంగ్లండుకు సెలవుల్లో కూడా రాదు.

పాత డింగీ కొంటుంటే గాలి కొట్టి, సబ్బునీళ్లు పూసి, రాత్రంతా వదిలేసి చూడమంటారు. మంచి సలహా, కానీ ఉదయానికి మెత్తబడితే వెంటనే చిల్లు అనుకోకండి. 35 డిగ్రీల వేడిలో గొట్టంలో 0.2 బార్ కొట్టి, 15 డిగ్రీల నీళ్లలో దింపితే అది 0.12కు పడిపోతుంది. ఒక్క బుడగ కూడా బయటికి పోకుండానే! వాతావరణ పీడనంతో కలిపితే లోపలున్నది 1.2 బార్. ఇరవై డిగ్రీల చలికి అందులో ఆరున్నర శాతం తగ్గుతుంది. ఆ నష్టమంతా మనం కొట్టిన 0.2లోంచే పోయినట్టు కనిపిస్తుంది. నీళ్లలో దించాక పది నిమిషాలాగి మళ్లీ పంపు వేయాలి. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. చల్లటి ఉదయం గట్టిగా కొట్టి, డెక్కు మీద ఎండలో వదిలేసి ఊళ్లోకి పోతే ఒత్తిడి పెరిగి అతుకులు విడిపోవచ్చు. కాస్త గాలి వదిలి వెళ్లండి. అతుకు వేయాల్సి వస్తే పీవీసీకి ఒక జిగురు, హైపలాన్‌కు వేరొకటి. తారుమారు చేస్తే అతుకు వారం ఉండదు.

చివరికి మేం కొన్నది 2.3 మీటర్ల పీవీసీ డింగీ, గాలి అడుగు, ఇంజిను తగిలించడానికి వెనక చెక్క పలక. మూట 24 కిలోలు. పంపు వేయడానికి పది నిమిషాలు పడుతుంది. వేగం లేదు, అందం అసలే లేదు. మూత తెరిచిన ప్రతిసారీ అరలోంచి బయటికి మాత్రం వస్తుంది.

ఒడ్డుకు పోయి రావడం అన్నది యాట్ మీద సెలవుల్లో చాలామంది లెక్కలోకి తీసుకోని ప్రయాణం. చీకటి, చల్లటి నీళ్లు, కడుపునిండా భోజనం, కొందరికి రెండు గ్లాసుల బీరు, లైఫ్‌జాకెట్లు మాత్రం యాట్‌లో. అవి ఒంటిమీద ఉండాలి. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిను ఆపే తాడు అతని కాలికి కట్టి ఉండాలి. అంతర్జాతీయ సముద్ర నిబంధనల ప్రకారం తెడ్లతో పోయే పడవలో కూడా రాత్రిపూట తెల్లటి లైటు ఒకటి చేతికందేలా ఉండాలి. గుద్దుకోకముందే చూపించడానికి. ఫోను లైటు చాలదు, తడి చేతుల్లో అది ఎప్పుడూ మనం చెప్పినప్పుడు వెలగదు.

సోలెంట్‌లో డింగీ మీద యాట్ పేరు రాసి, ముందు ‘టి/టి’ అని చేర్చడం ఆనవాయితీ. ఫలానా పడవ టెండరు అని అర్థం. ఆ అక్షరాలున్న డింగీ రేవులో కట్టేసి ఉందంటే ఫలానా యాట్‌లో ఇప్పుడు ఎవరూ లేరని దొంగకు మనమే చెప్పినట్టు. అందుకని మేం ఫోన్ నంబరొక్కటే రాశాం. దాని కింద మా బావ నల్ల మార్కరుతో తెలుగులో ‘పుట్టి’ అని రాసి వెళ్లాడు. రేవులో ఎవరైనా ఆగి అదేం భాష అని అడుగుతుంటారు.